చెంచమ్మ నడుం ఎత్తిన రోజు

చెంచమ్మ అని ఒకామె ఉండేదంట. ఏ ఊరని అడగొద్దు, ఆ పొలాల ఆసామి వంశంవాళ్ళు ఇంకా తిరగతానే ఉన్నారు, రేపు నా మీదికొస్తారు. ఆమెకి మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉందల్లా నడుమొకటి. నడుమంటే అట్టాంటిట్టాంటిది కాదు. నాట్లకి పొద్దున వంగిందంటే మధ్యాన్నం సంకటి తట్ట గట్టు మీదికి వచ్చిందాకా లేచేది కాదంట. ఆమె కింద ఇరవై మంది ఆడోళ్ళ ముఠా. మునుం పట్టడమంటే తెలుసా నీకు, రాసుకునే అమ్మాయ్? మడికి అడ్డంగా వరసన నిలబడి ఎవరి జాగాలో వాళ్ళు నాటుకుంటా, ఎనక్కి ఎనక్కి నడుచుకుంటా రావటం. ఆ వరసలో మొదటి జాగా చెంచమ్మది. ఆమె ఎంత బిరబిరా నాటితే మిగతావాళ్ళు అంత బిరబిరా నాటాల. నడుం ఎత్తగూడదు. ఎత్తారా, అయిపోయారే! ఏమే, ఆకాశంలో మొగుడు కనపడ్డాడా అనేదంట. అందరూ కిసకిసా నవ్వేవాళ్ళు. రెండోసారి ఎత్తిందనుకో, పోయి నారుకట్టలు మొయ్యవే అని వరసలోంచి తీసేసేది. చెడ్డదని కాదు. ఆసామి గొడుగేసుకొని గట్టు మీద కూర్చోని చూస్తా ఉంటాడు గదా, ఆయన కళ్ళకి లేచి నిలబడ్డామె పనిదొంగ. ముఠాకి పేరు పోతే ఇరవై ఇళ్ళల్లో పొయ్యి ఎలగదు. అందుకని ఆమె అంత కఠినంగా ఉండేది, అంతే.

ఇట్టా ఉండగా ఏమైందంటే, ఆ ఊరికి రాగమ్మని ఒక కోడలు వచ్చింది. సముద్రం వైపు పిల్ల, ఉప్పు మళ్ళ కాడ పుట్టింది. ఇద్దరు పిల్లల తల్లి అయినాక మొగుడి సంపాదన చాలక చెంచమ్మ ముఠాలో చేరింది. పని బాగానే చేస్తది, చెయ్యి చురుకే, కానీ ఒక అలవాటు. కాసేపు నాటుద్ది, లేస్తది, నడుం మీద రెండు చేతులేసుకొని ఎనక్కి వాలి ఒక ఊపిరి తీసుకుంటది, మల్లా వంగుద్ది. చెంచమ్మ ఒకసారి చూసింది, రెండుసార్లు చూసింది. మూడోసారి ఊరుకోలేకపోయింది. ఏందే నువ్వు, వంగమంటే నిలబడతావు, నిలబడ్డమే నీకు ముందొచ్చినట్టుంది, నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావా ఏంది అంది. అబ్బో, ఒకటే నవ్వులు. రాగమ్మ కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదంట. అత్తా, నడుం పట్టేయకముందే లేస్తే మంచిదని మా నాయన అనేవాడు అని ఏదో చెప్పబోయింది. మీ నాయన వచ్చి నాటతాడా ఆసామి మడి అంది చెంచమ్మ. ఆ పూటే నారుకట్టలకి పంపింది, మర్నాడు అసలు రావద్దనే చెప్పింది. నాట్ల కూలికి వచ్చే గింజలే గదా మనకి ఏడాది తిండి. ఆ ఏడు రాగమ్మ పిల్లలు నూకల గంజి తాగారు, అది కూడా ఒక పూట.

ఎదురుకాళ్ళ సంగతి ఈ అమ్మాయికి చెప్పాల. బిడ్డ పుట్టేటప్పుడు తల ముందు రావాల గదా, కొందరికి కాళ్ళు ముందొస్తాయి. అట్టా పుట్టినోళ్ళు తొక్కితే పట్టేసిన నడుం వదులుద్దని మనవాళ్ళ నమ్మకం. గడప మీద బోర్లా పడుకోవాల, వాళ్ళొచ్చి మూడుసార్లు తొక్కాల. తొక్కించుకున్నోళ్ళు దణ్ణం పెట్టగూడదు, ఏమీ ఇయ్యగూడదు, మేలు చేశావమ్మా అని నోటితో కూడా అనగూడదు. అంటే ఆ నొప్పి ఎళ్ళి తొక్కినోళ్ళని పట్టుకుంటదంట. సరే, మళ్ళో చెంచమ్మ ఎకసెక్కానికి అన్న మాట సాయంత్రానికి ఊళ్ళోకి వచ్చింది. వచ్చేసరికి అది ఎకసెక్కం కాదు, నిజమై కూర్చుంది. రాగమ్మ ఎదురుకాళ్ళతో పుట్టిందంట గదా అని ఒకళ్ళు, అవునంట, చెంచమ్మే చెప్పింది అని ఇంకొకళ్ళు. నాలుగు రోజులకి బండి తోలే ఓబులేసు నడుం పట్టుకొని వాళ్ళ ఇంటి ముందుకొచ్చాడు. నేనట్టా పుట్టలేదు మావా అని ఆ పిల్ల మొత్తుకుంటే అత్తగారు ఊరుకుందా? తొక్కితే నీ కాళ్ళేమన్నా అరిగిపోతాయా, ఇంటిముందుకు వచ్చిన మనిషిని అంది. చేసేది లేక తొక్కింది. రెండు రోజులకి ఓబులేసు నడుం సర్దుకుంది. అది తొక్కకపోయినా రెండు రోజులకి సర్దుకునే పట్టే అనుకో, కానీ ఎవరు వింటారు? ఇంక అయిపోయింది, ఊరు ఊరంతా రాగమ్మ ఎదురుకాళ్ళ మనిషి.

ఇక చెంచమ్మ కాడికొద్దాం. మరుసటేడు కాలవకి నీళ్ళొదిలారు, నారు ఎదిగింది, ఇంకో పదిహేను రోజుల్లో నాట్లు. ఒక పొద్దున పెరట్లో నిండు కాగు ఎత్తబోయి వంగింది. అంతే. కటుక్కుమంది. లేవబోతే లేవలేదు, వంగబోతే వంగలేదు. నడుంలోంచి తుంటిలోకి, తుంటిలోంచి తొడెనక నుంచి పిక్కలోకి, పిక్కలోంచి చిటికెనేలు దాకా జివ్వున లాగిందంట. (ఇక్కడ కథ చెబుతున్న అవ్వ లేచి, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో వేలితో తన కాలి మీద గీసి చూపించి, మళ్లీ కూర్చుంది.) చెంచమ్మకి అంతకుముందు మూడేళ్ళ నుంచే వచ్చిపోతా ఉంది ఆ నొప్పి. ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్ళు నోట్లో కొంగు కుక్కుకొని పడుకునేది. పొద్దున్నే మళ్ళో వంగేది. ఎందుకంటే ముఠా పెద్దకి నడుం నొప్పంటే ఇంక ముఠా ఏముంది? ఈసారి దాచటానికి కుదరలేదు. పక్కింటి పేరమ్మ, ఆమె కూడా ముఠాలో మనిషే, చూసి కేకేస్తే నలుగురొచ్చి తడికె మీద మోసుకొచ్చి పడుకోబెట్టారు.

ఆముదపాకులు కట్టారు, వావిలాకు నీళ్ళు పోశారు, ఆ పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చి వాతలు పెడతానన్నాడు. చెంచమ్మ కర్ర అందుకుంటే పారిపోయాడులే. తుమ్మితే చాలు ప్రాణం పోయినట్టు ఉండేదంట. నాలుగో రోజు ఆసామి మనిషిని పంపాడు. ఏమని? చెంచమ్మ లేస్తదా లేవదా, లేవకపోతే చెప్పమను, పైఊరి ముఠాకి కబురు పెట్టుకుంటా అని. ఇరవై మంది ఆడోళ్ళూ వచ్చి వాకిట్లో కూర్చున్నారు. అప్పుడు పేరమ్మ అంది, ఒసేయ్ చెంచమ్మా, ఎందుకే ఈ పంతం, రాగమ్మ ఉంది గదా మన ఊళ్ళోనే, పోయి తొక్కించుకోరాదా అంది. అందరూ అవునవునన్నారు. చెంచమ్మ ఎట్టా పోద్ది? ఆ పిల్ల నోటి కాడ కూడు తీసింది తానే, ఇప్పుడు పోయి ఆ పిల్ల గడప మీద బోర్లా పడి, ఆ పిల్ల పాదం కింద నడుం పెట్టాల. ఒకరోజు చూసింది. రెండో రోజు చూసింది. మూడో రోజు తెల్లారి, ఇంకా కోళ్ళు కూడా గూట్లోంచి దిగలేదు, కర్ర పట్టుకొని బయల్దేరింది. సగం దారిలో కర్ర కూడా ఆగలేదు. మిగతా సగం పాకతా పోయింది. ఆ చెంచమ్మే! మనిషి నిలబడితే నవ్విన చెంచమ్మ!

రాగమ్మ కళ్ళాపి చల్లతా ఉంది. చూసింది. చెంబు అట్టానే చేతిలో ఉండిపోయింది. చెంచమ్మ ఏమీ అడగలేదు, గడప దాకా పాకి, బోర్లా పడుకొని, తొక్కమ్మా అంది. రాగమ్మ వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. చెవి కాడ మెల్లగా చెప్పిందంట, అత్తా, నీతో అబద్ధం ఆడలేను, నేను అందరిలాగానే తలతో పుట్టా, ఎదురుకాళ్ళతో పుట్టానని ఊరికి చెప్పింది నువ్వే, ఏటిగట్టు కింద మూడో మళ్ళో నిలబడి నువ్వే అన్నావు అని. చెంచమ్మకి ఆ మాట గుర్తే లేదు. ఈ పిల్లకి ఏ మడో కూడా గుర్తుంది, చూడు. చెంచమ్మ గడపకి మొహం ఆనించుకుంది. మరి నన్ను వాకిట్లోనే పొమ్మనొచ్చు గదే, నేను కాదు ఆ మనిషినని ఒక్క మాటంటే పోయేదాన్నిగా అంది. రాగమ్మ ఏమందో తెలుసా? పాకతా వచ్చావు గదత్తా, పాకతా వచ్చినోళ్ళని ఎట్టా పొమ్మంటా, మా నాయన కూడా ఇట్టానే పాకేవాడు అంది. అప్పుడు ఏడ్చిందంట చెంచమ్మ. నొప్పికి ఏడవని మనిషి ఆ మాటకి ఏడ్చింది. ఏడ్చి, అయినా తొక్కవే, పుటక ఏదైతే ఏంది, పాదాలున్నాయిగా, నేను నిన్ను తొక్కినదానికన్నా గట్టిగా ఏం తొక్కుతావులే అంది.

తొక్కింది. కానీ దబీదబీమని కాదు, అందరూ తొక్కినట్టు కాదు. రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి, బరువంతా చేతుల మీదే ఉంచుకొని, మడమతో తుంటి పక్కన కండ మీద ఒత్తి, ఆగి, ఒత్తి, ఆగి. వాళ్ళ నాయన ఉప్పు మూటలు మోసేవాడంట. పన్నెండేళ్ళు ఈ నొప్పితోనే మోశాడు. రోజూ సాయంత్రం ఈ పిల్ల ఆయన నడుం ఇట్టానే ఒత్తేది. అట్టా ఒత్తితే నొప్పి పోద్దా అని చెంచమ్మ అడిగితే, పోదత్తా, కాస్త పక్కకి జరుగుద్ది, ఆ సందులో మనం లేచి నడవాల అందంట. ఇంకా ఏమందంటే, మా నాయన దీన్ని ఇంటికొచ్చిన చుట్టం అనేవాడు, పొమ్మని తిడితే పోదు, దానికి మంచమేసి మర్యాదలు చేస్తే అసలు పోదు, మన పని మనం చేసుకుంటా ఉంటే అదే విసుగొచ్చి పోద్ది, మల్లా ఎప్పుడో వస్తది అని. నాకు ఈ మాట ఎంత ఇష్టమో!

ఇంక చూడు, రోజూ పొద్దున రాగమ్మ రావటం, ఇసక ఏపి మూటగట్టి కాపటం. పక్కకి తిరిగి పడుకోమని, మోకాళ్ళ మధ్య పాత కోక మడిచి పెట్టేది. మంచం మీద నుంచి దబుక్కున లేవనియ్యదు, పక్కకి దొర్లి, చెయ్యూని, కాళ్ళు కిందికి జార్చి లేవాల. బిందె ఎత్తాలంటే నడుం వంచగూడదు, మోకాళ్ళు వంచి కూర్చోని ఎత్తాల. మొదటి రోజు గొడ్ల చావడి దాకా నడిపించింది, తర్వాత బాయి దాకా, తర్వాత కాలవ దాకా. చెంచమ్మ తిట్టేది, చంపతన్నావే నన్ను అనేది, ఇంకో పదడుగులత్తా అనేది ఈ పిల్ల. మొన్న నాకూ తుంటి లాగతందని నా మనవరాలు ఒంగోలు తీసకపోతే అక్కడి డాక్టరమ్మ కూడా ఇవే చెప్పిందే! సయాటికా అంట, పేరు మాత్రం బాగా పెట్టారు. కాలు చచ్చుబడినా, ఒంటేలు పోవటం తెలవకపోయినా ఆ రోజే పరిగెత్తుకు రమ్మంది, లేకపోతే నడవమంది. నేను నవ్వుకున్నా. మా రాగమ్మ చదువుకోకుండానే డాక్టరు అనుకున్నా. చెంచమ్మకి పూర్తిగా తగ్గిందా? లేదు. కానీ నాట్లు మొదలయ్యే రోజుకి తన కాళ్ళ మీద తాను నిలబడింది. లోపల మాత్రం ఒకటే తపన. ఈ పిల్లకి దణ్ణం పెట్టబోతే పేరమ్మ చెయ్యి పట్టుకునేది, పెట్టబాకే, ఆ నొప్పి ఆ పిల్లకి తగులుకుంటది అని. ఊరంతా ఎదురుకాళ్ళ మనిషే అనుకుంటంది గదా మరి. కాదని చెప్పాలంటే ఆ పుకారు తన నోటి నుంచే పుట్టిందని ఒప్పుకోవాల, నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది.

నాట్ల రోజు రానే వచ్చింది. చెంచమ్మ తెల్లారే రాగమ్మ ఇంటికి పోయి, పదవే, నా పక్క జాగా నీది అని తీసుకొచ్చింది. మునుం పట్టారు. ఆసామి గట్టు మీద గొడుగేసుకొని కూర్చున్నాడు, చెంచమ్మ వచ్చింది గదా ఇంక భయం లేదని మీసం దువ్వుకుంటన్నాడు. నాటతన్నారు, నాటతన్నారు. రాగమ్మ కూడా నడుం ఎత్తలేదు, పోయినేడు పడ్డది చాలు గదా. చెంచమ్మకి తుంటిలో సన్నగా లాగటం మొదలైంది. ఇదివరకైతే పళ్ళు కొరుక్కునేది. ఈసారి ఏం చేసిందంటే, చేతిలో నారు అట్టానే పట్టుకొని లేచి నిలబడింది. నడుం మీద చెయ్యేసుకొని ఎనక్కి వాలింది. వరసంతా ఆగిపోయింది. అయ్యో, మల్లా పట్టేసిందా అంది పేరమ్మ. పట్టలేదే, పట్టకముందే లేచా అంది. గట్టు మీద నుంచి ఆసామి కేకేశాడు, ఏంది చెంచమ్మా, నాటటానికి వచ్చావా నిలబడటానికి వచ్చావా అని.

రెండిటికీ వచ్చానయ్యా అంది. అని, ఎవరూ అడక్కుండానే చెప్పటం మొదలుపెట్టింది. పోయినేడు ఈ రాగమ్మ ఇట్టా నిలబడిందని నేనే ఎళ్ళగొట్టా, ఆమె పిల్లల నోటి కాడ కూడు నేనే తీశా, తప్పు నాది. ఈ రోజు నీ మళ్ళో నేను రెండు కాళ్ళ మీద ఉన్నానంటే ఆమె నిలబెట్టింది. ఎంత మేలు చేశావమ్మా రాగమ్మా! అంది గట్టిగా. పేరమ్మ గుండెలు బాదుకుంది, అనగూడదే, అనగూడదే, నొప్పి ఆమెకి పోద్దే అని. పోదు అంది చెంచమ్మ. ఆమె నీలాగా నాలాగా తలతోనే పుట్టింది, ఎదురుకాళ్ళని పుకారు పుట్టించింది నేను, ఎకసెక్కానికి అన్నా ఆ మాట, కాబట్టి ఇప్పుడు అంటా, నూరుసార్లంటా, ఎవరు ఆపుతారో చూస్తా. అని బురద చేతులు రెండూ ఎత్తి, తనకన్నా సగం వయసు పిల్లకి, మడి మధ్యలో, ఇరవై మంది చూస్తా ఉండగా దణ్ణం పెట్టింది. రాగమ్మ తల ఎత్తలేదంట. అత్తా, వద్దత్తా, వద్దత్తా అంటా నాటతానే ఉంది, ఒకే చోట నాలుగు కుదుళ్ళు నాటేసింది. కళ్ళ నిండా నీళ్ళుంటే ఏం కనపడుద్ది?

లేవే నువ్వు కూడా, అంది చెంచమ్మ. లేవండే అందరూ. ముందు పేరమ్మ లేచింది, తర్వాత ఆ పక్కామె, తర్వాత ఇంకొకామె. ఇరవై నడుములూ పటపటమన్నాయంట, గట్టు మీదికి వినపడిందంట. ఆసామి చూశాడు. పైఊరి ముఠాకి కబురు పెడదామంటే నారు ముదిరిపోతంది, మబ్బు పడతంది. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆ మడి ఎప్పుడూ అయ్యేదానికన్నా అరపూట ఆలస్యంగా అయింది. అబద్ధమెందుకు చెప్పాల, ఆలస్యమే అయింది. కానీ ఆ ఏడు నాట్లు అయిపోయినాక మంచాన పడినామె ఒక్కతీ లేదంట. ఓబులేసు మాత్రం ఊరంతా తిరిగి పోట్లాడాడు, ఆమె ఎదురుకాళ్ళతో పుట్టకపోతే మరి నా నడుం ఎట్టా సర్దుకుందని.

చెంచమ్మ నొప్పి పోయిందని చెప్పను. చలికాలంలో వచ్చేది, కావిళ్ళు మోస్తే వచ్చేది, వచ్చినప్పుడల్లా రాగమ్మ ఇసక మూట పట్టుకొని వచ్చేది. ఇద్దరూ కూర్చోని కబుర్లాడుకునేవాళ్ళు, నొప్పి మధ్యలో పోయేది కూడా తెలిసేది కాదంట. ఆ ఊళ్ళో ఇప్పటికీ నాట్లప్పుడు మునుంలో మొదటామె లేస్తే అందరూ లేవాల, ఎవరూ ఏమీ అనగూడదు. నేను ఆ ఊరి మళ్ళల్లో ముప్పై ఏళ్ళు నాటా. రోజుకి ఎన్నిసార్లు లేచానో, ఒక్కడూ నన్ను పనిదొంగ అనలేదు. నేను లేచినప్పుడల్లా ఆ ఇద్దరినీ తలుచుకునేదాన్ని. మొహాలు ఎరగను, ఎప్పుడు బతికారో ఎరగను, చల్లగా ఉన్నారా తల్లుల్లారా అనుకునేదాన్ని, మల్లా వంగేదాన్ని. నాకిప్పటికీ తుంటి లాగుద్ది, అయినా చూడు, ఇంకా నా చెంబు నేనే తెచ్చుకుంటన్నా. కథ అయిపోయింది. రాసింది చాల్లే అమ్మాయ్, పొద్దుట్నించీ ఆ పుస్తకం మీదికి వంగే ఉన్నావు, లే, నాలుగడుగులు నడిచిరా. నాకొక చెయ్యియ్యి, నేనూ వస్తా.